ఇంజిన్ మార్చినంత మాత్రాన బలం పెరగదు

సంపాదకుల వారికి,

దుంగలు చీల్చడానికి మేమే కట్టుకున్న హైడ్రాలిక్ యంత్రానికి ఈ మధ్య ఇంజిన్ మార్చాం. ఆ రోజు మా తమ్ముడి చెయ్యి పోవలసింది. ఇలాంటి యంత్రం ఇంట్లో ఉన్నవాళ్లు చదువుతారని రాస్తున్నాను.

పాతది 5 హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజిన్. అరిగిపోయి పొగ కక్కుతుంటే తీసేసి, చేతికందిన 9 హార్స్‌పవర్ ఇంజిన్ బిగించాం. ముడులున్న దుంగ పెట్టి లివర్ నొక్కితే వెడ్జ్ (దుంగను చీల్చే ఇనుప మొన) ఎప్పటిలాగే సగంలో ఆగింది. "ఇంత ఇంజిన్ పెట్టినా ఇంతేనా అన్నయ్యా?" అంటూ తమ్ముడు స్పానర్ తీసి రిలీఫ్ వాల్వ్ (ఆయిల్ ఒత్తిడి హద్దు దాటకుండా చూసే వాల్వ్) స్క్రూ అర చుట్టు బిగించాడు. ఒత్తిడి చూపే గేజ్ ముల్లు 175 బార్ నుంచి 210కి వెళ్లింది. పాత హోస్ (ఆయిల్ గొట్టం) మెడ దగ్గర సన్నగా పొగలాంటిది లేచింది. అది పొగ కాదు, ఆయిల్. ఎక్కడ కారుతోందో చూద్దామని వాడు చెయ్యి చాపాడు. నేను అరిచి చెయ్యి లాగేసి, ఇంజిన్ ఆపాను.

సూదిమొనంత రంధ్రం నుంచి ఆ ఒత్తిడితో వచ్చే ఆయిల్ గ్లౌజునూ చర్మాన్నీ చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. కొన్ని గంటల్లో లోపల కండ చచ్చిపోవడం మొదలవుతుంది. వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. "చిన్న గాయమే కదా" అని ఇంట్లో కూర్చోకండి. హై ప్రెషర్ ఆయిల్ గుచ్చుకుందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. లీకు చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టండి, చెయ్యి మాత్రం వద్దు.

ఇక అసలు పొరపాటు ఎక్కడంటే, చీల్చే బలం ఇంజిన్‌ది కాదు. ఆయిల్ ఒత్తిడిది, సిలిండర్ వెడల్పుది. మా సిలిండర్ లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లు. 175 బార్ దగ్గర అది సుమారు 14 టన్నులు తోస్తుంది. ఇంజిన్ 5 అయినా 9 అయినా అంతే. మాది రెండు దశల పంపు. బరువు పడగానే పెద్ద గేరు తప్పుకుని చిన్నదే తోస్తుంది, నిమిషానికి 11 లీటర్లు. దానికి 5 హార్స్‌పవర్ సరిపోతుంది. పంపు తిరిగే స్పీడ్ అదే కాబట్టి వెడ్జ్ వేగమూ పెరగలేదు. అంటే పెద్ద ఇంజిన్ కొనడం మాకు దండగే.

నిజంగా బలం కావాలంటే 125 మిల్లీమీటర్ల సిలిండర్ వేయాలి. అదే ఒత్తిడితో దాదాపు 22 టన్నులు వస్తాయి, కానీ కదలిక నెమ్మదిస్తుంది. పైగా కింది ఇనుప దూలం, వెల్డింగులు ఆ బరువుకు తట్టుకోవాలి. మాది 14 టన్నులకు కట్టిన దూలం కాబట్టి ఆ ఆలోచన మానుకున్నాం. ముడి దుంగల్ని నడిమికి కాకుండా అంచు నుంచి చీలుస్తున్నాం. బాగానే చీలుతున్నాయి.

ఎలక్ట్రిక్ మోటారు పెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. నిమిషానికి 3600 చుట్లు తిరిగే పంపును 1440 చుట్లు తిరిగే మోటారుకు తగిలిస్తే ఆయిల్ నలభై శాతమే వస్తుంది. పంపు కూడా మార్చాలి.

హోసులన్నీ కొత్తవి వేశాం. రిలీఫ్ వాల్వ్‌ను మళ్లీ 175కి తెచ్చి లాక్ నట్ బిగించాం. ఆ నట్ మీద ఎర్ర రంగు పూసింది మా తమ్ముడే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్