డబ్బు మధ్యలో ఆగితే జవాబు ఎవరిది?

సంపాదకుడికి,

2025 ఆగస్టులో దేశంలో యూపీఐ చెల్లింపుల సంఖ్య తొలిసారి ఒకే నెలలో 2,000 కోట్లు దాటింది. ఆ లెక్క చూపించి, ఫోన్ చెల్లింపులపై జనానికి పూర్తి నమ్మకం కుదిరిందని చెబుతున్నారు. తెనాలిలో చిన్న కిరాణా కొట్టు నడుపుతున్న నాకు ఇందులో సగం నిజమే కనిపిస్తోంది. డబ్బు సాఫీగా వెళ్లినంతసేపూ అందరికీ నమ్మకమే. ఎక్కడైనా ఆగిపోతే మాత్రం ఎవరిని అడగాలో కొన్నవాళ్లకూ తెలియదు, అమ్మినవాళ్లకూ తెలియదు.

కొట్లో తరచూ జరిగేది ఇది. నెల సరుకులు కట్టించుకుని స్కాన్ చేస్తారు. వాళ్ల ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, మా సౌండ్ బాక్స్ పలకదు. "నాకు మెసేజ్ వచ్చిందండీ" అని వాళ్లు, "నాకు పడలేదమ్మా" అని మేం. నకిలీ స్క్రీన్‌షాట్ చూపించి సరుకు పట్టుకుపోయేవాళ్లు ఉన్నారు కాబట్టి మాకు అనుమానం. కష్టపడ్డ డబ్బు పోయిందేమోనని వాళ్లకు టెన్షన్. ఏళ్ల తరబడి అరువు ఇచ్చిన మనుషులతోనే మాటా మాటా వస్తుంది. బ్యాంకుకు వెళ్తే యాప్‌లో ఫిర్యాదు పెట్టమంటారు. యాప్‌లో పెడితే బ్యాంకును సంప్రదించమని ఇంగ్లిషులో జవాబు వస్తుంది.

నిజానికి దీనికి నిబంధన ఉంది. 2019 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. దుకాణానికి కట్టిన డబ్బు ఖాతాలో కట్ అయి, అందినట్టు ఇక్కడ ఖరారు కాకపోతే అయిదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. మనిషి నుంచి మనిషికి పంపినదైతే మర్నాటికే రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి, అదీ ఖాతాదారు అడిగేదాకా ఆగకుండా. ఇంత మంచి నిబంధన మా వీధిలో నేను అడిగిన వ్యాపారుల్లో ఒక్కరికీ తెలియదు. రుణాల పోస్టర్లు అంటించే బ్యాంకు శాఖలు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాసి ఎందుకు పెట్టవు?

మోసాల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. పిన్ ఎవరికీ చెప్పొద్దన్న ప్రచారం అవసరమే. కానీ డబ్బు పోగొట్టుకుని వచ్చిన పెద్దావిడతో "పిన్ మీరే కొట్టారు కదా" అని చేతులు దులుపుకుంటే ఆమె మళ్లీ ఫోన్‌తో డబ్బు కడుతుందా? డబ్బు వేస్తున్నాం, పిన్ కొట్టండి అంటూ మోసగాళ్లు నిజానికి మన ఖాతా నుంచి డబ్బు లాగే రిక్వెస్టులు పంపేవారు. వ్యక్తుల మధ్య ఆ రిక్వెస్టులనే, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపించింది. జాగ్రత్తంతా జనం మీదే వదిలేయకుండా దారినే మూసేయవచ్చని దీంతో తేలింది. ఆ పని చాలా ముందే జరగాల్సింది. మోసపోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే సొమ్ము మరో ఖాతాకు జారిపోకముందే నిలిపే అవకాశం ఉంటుంది. ఆ నంబరును ప్రతి క్యూఆర్ స్టాండు మీద పెద్ద అక్షరాలతో ముద్రించాలి.

2025 జులైలో బెంగళూరులో యూపీఐ వసూళ్ల ఆధారంగా జీఎస్టీ నోటీసులు వచ్చినప్పుడు ఎందరో చిరువ్యాపారులు క్యూఆర్ కోడ్లు తీసేసి, నగదే ఇవ్వాలని కాగితాలు అంటించారు. అక్కడి కారణం వేరు. భయం మాత్రం మాకూ అర్థమవుతుంది. ఇబ్బంది వస్తే ఆదుకునేవాళ్లు లేరనిపించినప్పుడు చిన్నవాడు చేతిలో కనిపించే నోటునే కోరుకుంటాడు.

ఫిర్యాదు పెట్టడం, జవాబు రావడం రెండూ తెలుగులో జరగాలి. ప్రతి శాఖలో యూపీఐ ఫిర్యాదులు తీసుకుని రసీదు ఇచ్చే మనిషి ఒకరుండాలి. జిల్లా బ్యాంకర్ల సమావేశాల్లో రుణ లక్ష్యాలతో పాటు, ఇలాంటి ఫిర్యాదులు ఎన్ని వచ్చాయో, ఎన్ని రోజుల్లో తీరాయో, ఎంత పరిహారం ఇచ్చారో కూడా చెప్పాలి. మీ పత్రిక మా గుంటూరు జిల్లా బ్యాంకు అధికారులను ఈ వివరాలు అడిగి ప్రచురించాలని కోరుతున్నాను.

– ఒక కిరాణా వ్యాపారి, తెనాలి