ఆదివారం ఆరాధన అయ్యాక కాసేపు ఆగండి

అందరికీ వందనాలు. ఆరాధన సమయం మార్చడం గురించి రెండు మూడు రోజులుగా మన సంఘం గ్రూపులో నడుస్తున్న వాదన చూసి రాస్తున్నాను, కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

ఆరాధన సమయం మార్చాలా వద్దా అన్నది చిన్న విషయం కాదు, రెండు వైపులా న్యాయం ఉంది. కానీ ఎప్పుడూ పక్కపక్కనే కూర్చుని ఒకే పాటల పుస్తకంలో చూసి పాడే ఇద్దరు మొన్న ఆదివారం ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు, ఒకరైతే ముగింపు ప్రార్థన అవకుండానే లేచి వెళ్లిపోయారు. అది చూశాక టైమింగ్ సంగతి నా మనసుకు ఎక్కలేదు.

బైబిల్లో చూడండి, తమ సహచరుడు మార్కును వెంట తీసుకెళ్లాలా వద్దా అన్న దగ్గర, కలిసి సువార్త ప్రకటించిన పౌలు, బర్నబాలకే మాటామాటా పెరిగి, బర్నబా మార్కుతో కుప్రకు (సైప్రస్‌కు), పౌలు సీలతో సిరియ వైపు వెళ్లిపోయారు (అపొస్తలుల కార్యములు 15 చివర్లో ఉంది). అదే పౌలు తర్వాత మార్కును తీసుకురా, పరిచర్యకు పనికొస్తాడు అని తిమోతికి రాశాడు, 2 తిమోతి 4:11 చూడండి. ఆ మధ్యలో ఏం జరిగిందో రాసి లేదు గానీ, తలుపు మాత్రం ఎవరూ మూసేయలేదు.

మత్తయి 18:15లో ప్రభువు చెప్పిన మొదటి పని తప్పు చేసినవారి దగ్గరికి ఒంటరిగా వెళ్లి మాట్లాడటం, స్క్రీన్‌షాట్ తీసి నలుగురికి పంపడం కాదు (నేనూ ఒకటి పంపాను, క్షమించండి).

అందుకని ఈ విషయం ఇక్కడ ఆపేద్దాం. ఆదివారం ఆరాధన అయ్యాక ఎదురెదురుగా కూర్చుని మాట్లాడదాం. రాలేనివాళ్లు ముందే నాకు ఫోన్ చేయండి, మీ మాట మీరు చెప్పినట్టే అక్కడ చెబుతాను.