వార్షిక నివేదిక: దేవుళ్ళు, దెయ్యాల సినిమాల మీద ఏడాది చర్చ

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం నివేదిక అనగానే కుళాయిలు, వీధి దీపాలు, డ్రైనేజీ అని మొదలవుతుంది. అవన్నీ ఈసారీ ఉన్నాయి. పద్దులతోపాటు వేరే కాగితాల్లో జతచేశాం, తీరిగ్గా చూసుకోండి. సంక్రాంతి ముగ్గులు, రంజాన్ ఇఫ్తార్ ఎప్పటిలాగే జరిగాయి. ఉగాది నాడు మన ముస్లిం సభ్యులు ఆనవాయితీ తప్పకుండా దేవుని కడప వెంకన్నకు కొబ్బరికాయ కొట్టి వచ్చారు. ఈ ఏడాది కొత్తగా మొదలైంది సినిమా చర్చ ఒక్కటే. కమిటీలో దీని మీద వచ్చినన్ని ప్రశ్నలు నీళ్ళ ట్యాంకు మీద కూడా రాలేదు కాబట్టి దీని గురించే వివరంగా రాస్తున్నాను.

సినిమా ఎవరింట్లో వాళ్ళు చూస్తారు. నెలాఖరు ఆదివారం సాయంత్రం హాల్లో కూర్చొని మాట్లాడుకుంటాం. హాల్లోనే తెర కడదామని కుర్రాళ్ళు అన్నారు గానీ, పదిమందిని పోగేసి సినిమా వెయ్యాలంటే హక్కులున్నవాళ్ళ అనుమతి కావాలి. ఆ తలనొప్పి వద్దనుకున్నాం. దెయ్యాలు, దేవతలు ఉండే సినిమా చూశాక మనిషి దేవుడి గురించీ తన గురించీ కాస్తయినా ఆలోచిస్తాడా, లేక లైటేసుకుని పడుకుంటాడా అన్నది మేం పెట్టుకున్న అంశం. సంఘానికి ఇదేం పని అన్నవాళ్ళూ ఉన్నారు. 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసిన విజయా సంస్థ నిర్మాత బి.నాగిరెడ్డి మన కడప జిల్లావారు. ఆ రెండింటి దర్శకుడు కె.వి.రెడ్డి పక్కనే ఉన్న తాడిపత్రివారు. మాంత్రికుడినీ ఘటోత్కచుడినీ తెలుగువాళ్ళ ఇళ్ళల్లోకి తెచ్చిన సీమలో ఉండి ఈ మాటలు మాట్లాడుకోవడానికి మొహమాటం ఎందుకని నా అభిప్రాయం.

మొదట తీసుకున్నది 'అమ్మోరు' (1995). మహిళలే ఎక్కువమంది వచ్చారు. అమ్మవారు చిన్నపిల్లగా ఇంట్లో చేరి పని చేసిపెట్టే భాగాన్ని తలుచుకొని మురిసిపోయారు. చివరి ఘట్టం దగ్గరికొచ్చేసరికి మాటలన్నీ గ్రాఫిక్స్ మీదికి పోయాయి. ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకరు సూటిగా అనేసింది: "దేవత వచ్చింది, విలన్ చచ్చాడు, టెన్షన్ పోయింది. ఇంక నేను ఆలోచించడానికి ఏముంది?"

వెనక కుర్చీలోంచి ఒక అవ్వ అందుకుంది. ఆమె పుట్టిల్లు రాయచోటి దిక్కు. "మా ఊరి జాతరలో ఎవరికన్నా పూనకమొస్తే నీళ్ళు చల్లి, చేతికి యాపమండలిచ్చి, 'తల్లీ, మావల్ల ఏం తప్పు జరిగింది, నీకేం కావల్ల?' అని అడుగుతారు. వానెందుకు పడలేదో, బిడ్డలకు జరమెందుకొచ్చిందో ఆ తల్లి చెప్తాది. ఈ సినిమాల్లో ఒక్కరన్నా అట్ల అడిగినారా?"

ఆ తర్వాత ఏ సినిమా పెట్టుకున్నా చర్చ అవ్వ మాట దగ్గరికే వచ్చేది. దేవుడు క్లైమాక్స్‌లో వచ్చే పోలీసులా వచ్చి దుష్టుణ్ణి పట్టుకుపోతే జనం చప్పట్లు కొట్టి లేస్తారు. అదే దేవుడు మనుషుల్ని లెక్క అడిగితే కుర్చీల్లోంచి కదలరు.

దీనికి 'కాంతార' (2022) చర్చే సాక్ష్యం. కర్ణాటక కోస్తాలోని తుళునాడులో దైవం మనిషి మీద పూని ఆడే భూతకోల మనది కాదు, ఆ దైవాల్లో ఒకటైన పంజుర్లి పేరు మనకు కొత్త. అయినా కథ అందరికీ తగిలింది. మనశ్శాంతి కోసం రాజు దైవానికి మాటిచ్చి అడవి భూమిని ఊరికి వదిలేస్తాడు. వారసుడు భూమి కావాలని కోర్టుకెక్కుతాడు, ఆ మెట్ల మీదే రక్తం కక్కుకుని చస్తాడు. మాటలు అక్కడినుంచి మన ఊళ్ళ గుడి మాన్యాల మీదికి మళ్ళాయి. తన ఊళ్ళో మాన్యం ఎవరెవరు దున్నుకుంటున్నారో ఒక సభ్యుడు వరసగా చెప్పుకొచ్చి, అందులో తన చిన్నాయన కూడా ఉన్నాడని అన్నాడు. ఎవరూ నవ్వలేదు. టీ వచ్చినా ఎవరూ లేవలేదు. ఏడాది మొత్తంలో ఆధ్యాత్మిక చింతన అనదగ్గది ఏదైనా జరిగిందంటే ఆ సాయంత్రమే.

'మసూద' (2022) రోజు వాతావరణం వేడెక్కిన మాట నిజం. నల్ల బురఖా కనబడితే జనం జడుసుకునేట్టు తీస్తే రేపు మా ఆడపిల్లలు బజారుకు పోయినప్పుడు ఎట్లా చూస్తారని ఒక పెద్దాయన నిలదీశారు. ఆ సినిమాలో దెయ్యాన్ని వదిలించడానికి పూనుకునేదీ ముస్లిం బాబాయే కదా అని కుర్రాళ్ళు వాదించారు. ఆయన ఒప్పుకోలేదు, నేనూ ఆయన పక్షమే. అయితే కోపం చల్లారాక ఆయనే చాలా విషయాలు చెప్పారు. ఖురాన్‌లో 72వ సూరా (అధ్యాయం) పేరే జిన్. జిన్నులను అల్లా నిప్పుతో సృష్టించాడని, వాటిలోనూ నమ్మేవీ నమ్మనివీ ఉంటాయని వాళ్ళ విశ్వాసం. చచ్చిపోయిన మనిషి దెయ్యమై తిరగడానికి అందులో చోటు లేదు. పడుకునే ముందు ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ వాక్యం చదువుకుంటామని ఆయన అంటే, మేం ఆంజనేయ దండకం చదువుకుంటామని పక్కాయన అన్నారు. సినిమా ఎలా ఉన్నా ఈ మాటలకైనా అది పనికొచ్చింది.

'ది ఎక్సార్సిస్ట్' (1973) చూసినవాళ్ళు తక్కువ. చూసినవాళ్ళలో సగంమంది మధ్యలో ఆపేశారు. దాని గురించి మన క్రైస్తవ సభ్యురాలు, రిటైరైన టీచరమ్మ మాట్లాడారు. తల తిరగడం, పచ్చటి వాంతి అందరూ చెప్పుకునేవే. ఆమె మాత్రం ఫాదర్ కారస్ గురించి చెప్పారు. ఆయన చర్చి గురువూ, మానసిక వైద్యుడూ. తల్లి పోయిన బాధలో ఉంటాడు, తన విశ్వాసం మీద తనకే అనుమానం. అలాంటివాడు చివరికి, పాపను పట్టిన దెయ్యంతో ఆమెను వదిలి నన్ను పట్టుకోమంటాడు. కథోలిక సభలో బిషప్ అనుమతి లేకుండా ఏ ఫాదరూ దెయ్యం వదిలించే పని చేయకూడదని కూడా ఆమె చెప్పారు. అది చాలామందికి కొత్త సంగతి.

'అరుంధతి' (2009) పేరుతో ఒక విహారయాత్ర కూడా అయింది. ఆ సినిమాలో కనిపించే నవాబుల బంగళా బనగానపల్లె దగ్గర గుట్ట మీద ఉంది. ఊళ్ళో ఎవరినడిగినా అరుంధతి బంగళా అనే దారి చూపిస్తారు. మనవాళ్ళు ఫోటోలతో అక్కడే ఎండెక్కించారు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ కాలజ్ఞానం రాసిన రవ్వలకొండ గుహ పక్కనే ఉన్నా, అక్కడ నిలబడింది కాసేపే. ఇది చూసి మా అధ్యక్షులు నొచ్చుకున్నారు. తిరుగు ప్రయాణంలో బస్సులో జరిగిన చర్చ మాత్రం బాగుంది. సినిమాలో విలన్ పశుపతిని చంపే ఆయుధం కోసం జేజమ్మ తన ఎముకలనే ఇస్తుంది. ఇంద్రుడి వజ్రాయుధం కోసం దధీచి వెన్నెముక ఇచ్చిన కథ తెలిసినవాళ్ళు అది పిల్లలకు చెప్పారు. ఆ సినిమాను ఎన్నోసార్లు చూసిన పిల్లలకు దధీచి పేరు అదే మొదటిసారి వినడం.

ఒక్క విషయంలో కమిటీ గట్టిగా ఉంది. చర్చకు వచ్చిన మానసిక వైద్యుడు ఒకరు, గాలి సోకిందని గుళ్ళ చుట్టూ దర్గాల చుట్టూ తిప్పి ఆలస్యంగా ఆసుపత్రికి తెచ్చే రోగుల గురించి చెప్పారు. తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది చనిపోయారు. మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. మొక్కులు మొక్కుకోండి, తాయెత్తు కట్టించుకోండి, ఎవరూ కాదనరు. మాత్రలు మాత్రం మానకండి. చర్చల్లో భూతవైద్యుల అడ్రసులు ఇచ్చిపుచ్చుకోవడం ఇకమీదట కుదరదు.

వచ్చే ఏడాది చర్చ సాయంత్రం ఐదింటికే మొదలవుతుంది. చీకటి పడ్డాక ఇంటికి పోవాలంటే భయంగా ఉందని వచ్చిన వినతులను కమిటీ మన్నించింది. వినతులు ఇచ్చినవాళ్ళలో ఇద్దరు కమిటీ సభ్యులే. మొదటి నెలకు యముడి సినిమాలు పెట్టుకుందామన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాం. కుర్చీల అద్దె పెరిగింది కనుక చందా బాకీ ఉన్నవారు ఆ రోజే కోశాధికారికి కట్టి రసీదు తీసుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి, కడప