లలితని ఎవరూ అడగలేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో ‘స్వాతిముత్యం’ వేశారు. నేను, మా కోడలు, ఎనిమిదేళ్ల మనవడు కూర్చుని చూశాం. 1986లో ఆ సినిమా వచ్చినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్ని. తోటి టీచర్లతో కలిసి హాల్లో చూసి, కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాను. ఆ తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు. సీతారామ కల్యాణం జరుగుతుండగా శివయ్య (కమల్‌హాసన్) తాళి తీసుకెళ్లి, భర్త పోయిన లలిత (రాధిక) మెడలో కట్టేసే ఘట్టం వస్తే ఈసారి కూడా నా గొంతు పట్టేసింది. పక్కన కూర్చున్న మా కోడలు మాత్రం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, “అత్తయ్యా, లలితని ఎవరూ అడగలేదు కదా” అంది.

దాదాపు నలభై ఏళ్లుగా చూస్తున్న సినిమాలో నాకు తట్టని సంగతి అది. తనకెందుకు తట్టిందో చెప్పాలి. 2021 మేలో, కరోనా రెండో విడతలో మా అబ్బాయి పోయాడు. వాడికి 33 ఏళ్లు. కోడలికి అప్పటికి 29, బాబుకి నాలుగు. ఈ ఉత్తరం రాసేముందు మా కోడల్ని అడిగాను. రాయమంది, పేరు మాత్రం వద్దంది.

ఏడాది తిరిగిందో లేదో చుట్టాలు మొదలుపెట్టారు. “ఎవరైనా మంచి మనసున్నవాడు దొరికి పిల్లకి జీవితం ఇస్తే బాగుండు” అని. వాళ్లు మా మేలు కోరేవాళ్లే. అయినా ఆ మాట వినపడగానే మా కోడలు లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. తను ఉద్యోగం చేస్తోంది. కొడుకుని చదివించుకుంటోంది. మా ఇద్దరికీ ఏ పూట ఏ మాత్రలు వేయాలో నాకంటే తనకే బాగా గుర్తు. తన జీవితం తన దగ్గరే ఉంది. ఇంకొకరు వచ్చి ఇవ్వడమేమిటి?

నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మాట గురించే. భర్త పోయిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకుంటే మన సినిమాలు, మన పత్రికలు, మన ఇళ్లు ఒకే మాట అంటాయి: ‘అతను ఆమెకి జీవితం ఇచ్చాడు.’ అక్కడ అతను త్యాగమూర్తి, ఆమె ఋణపడ్డ మనిషి. ఆమెకి అతనంటే ఇష్టం కలిగిందా, ఎప్పుడు కలిగింది, దాంతో ఆమె ఎన్ని రాత్రులు సతమతమైంది అన్నది మాత్రం కథలోకి రాదు. ప్రేమకథ అని పిలుస్తాం గాని అందులో ప్రేమించే మనిషి ఒక్కరే.

ఈ భాష ఎక్కడిదా అని ఆలోచిస్తే నాకు మా ఊరే గుర్తొస్తోంది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ రాజమహేంద్రవరంలోనే. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు ఇంటికి రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చి, తనే వండి వడ్డించారు. ఈ భాగం పాఠం చెప్పేటప్పుడు నేను ప్రతి ఏడూ కాసేపు ఆగేదాన్ని. పంతులుగారి పేరు అందరికీ తెలుసు, ఆ బిందెలు మోసిన చేతుల్ని కూడా పిల్లలు గుర్తుపెట్టుకోవాలని నా తాపత్రయం. అప్పటి పెళ్లికూతుళ్లు పసిపిల్లలు. ఊహ తెలియకముందే పెళ్లయి, ఊహ తెలిసేసరికి వితంతువులైనవాళ్లు. అలాంటి పిల్లల్ని ఎవరో ఒకరు చెయ్యిపట్టి గట్టెక్కించక తప్పదు. ‘జీవితం ఇవ్వడం’ అన్న మాటకి అప్పుడు అర్థం ఉంది.

మన సినిమా కూడా ఆ దారిలోనే నడిచింది. 1939లో వై.వి.రావు ‘మళ్ళీ పెళ్ళి’ తీశారు, కాంచనమాల నాయిక. మరుసటి ఏడాదే బి.ఎన్.రెడ్డి ‘సుమంగళి’ వచ్చింది. మాటలు నేర్చి పదేళ్లయినా కాని తెలుగు సినిమా వరసగా రెండేళ్లు వితంతువు పెళ్లిని తలకెత్తుకుందంటే అది చిన్న విషయం కాదు. ఎదురుగా ఉన్న ప్రేక్షకుల్లో సగంమంది ఇళ్లలో ఆ మాట ఎత్తడమే తప్పు. అప్పటి ప్రశ్న ‘చెయ్యొచ్చా, కూడదా’ అన్నదే.

ఆ ప్రశ్న దాటి చాలాకాలమైంది. మన కథలు మాత్రం అక్కడే ఆగిపోయాయి. మూడు ముళ్లూ పడీపడగానే పెళ్లికొడుకు చనిపోతాడు, ఎందుకంటే ఆమెకి కాపురం తెలియకూడదు. లేకపోతే మొదటి భర్త తాగుబోతు, కొట్టేవాడు. అప్పుడు అతణ్ని మరిచిపోయినా ప్రేక్షకుడికి ఇబ్బంది ఉండదు. ఇక గుళ్లో గాలి వీచి కుంకుమ ఎగిరి ఆమె నుదుట పడటం ఎన్ని సినిమాల్లో చూశామో! గాలి పెట్టాలి, దేవుడు పెట్టాలి, హీరో పెట్టాలి. అద్దం ముందు నిలబడి తన బొట్టు తను పెట్టుకునే చెయ్యి మాత్రం కనపడదు.

భార్య పోయిన మగవాడి విషయంలోనూ మనం నిజం చెప్పడం లేదు. ‘పిల్లల కోసమే చేసుకున్నాను’ అని అతనితో అనిపిస్తాం. అతనికీ ఒక తోడు కావాలనిపించిందని ఒప్పుకుంటే పోయిన భార్యకి అన్యాయం చేసినట్టని మన భయం.

దర్శకుడు విశ్వనాథ్‌గారి ‘స్వాతిముత్యం’ని తక్కువ చేయాలని నాకు లేదు. ఆ పెళ్లి తర్వాత లలిత మనసులో శివయ్య మీద ఇష్టం పెరగడాన్ని ఆయన ఎంత సున్నితంగా చూపించారో, అంత సున్నితంగా తెలుగులో ఎవరూ చూపించలేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. దాన్ని మన దేశం తరఫున ఆస్కార్‌కి పంపారంటే ఊరికే కాదు. కాకపోతే అది 1986. ఆ మెట్టు ఎక్కించినవారికి దండం పెట్టి, తర్వాతి మెట్టు ఎప్పుడెక్కుతారని ఇప్పటివాళ్లని అడుగుతున్నాను.

ఒక సినిమా చేయగల మేలు ఇంకోటి కూడా ఉంది. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం పెళ్లికి దారి ఇచ్చింది గాని, మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోతుందని కూడా అందులోనే ఉంది. ఆ చట్టాన్ని 1983లో రద్దు చేశారు. 1956 హిందూ వారసత్వ చట్టం కింద భర్త నుంచి సంక్రమించిన వాటా ఆమె సొంతం. తర్వాత పెళ్లి చేసుకున్నా అది పోదని సుప్రీంకోర్టు 2008లో స్పష్టంగా చెప్పింది. అయినా “ఇంకొకణ్ని చేసుకుంటే పొలంలో వాటా మరిచిపో” అని ఆడపిల్లని బెదిరించిన ఇళ్లు నా ఎరుకలోనే రెండున్నాయి. వాళ్లకి చట్టం పుస్తకం ఎవరూ చదివి వినిపించరు. ఒక మంచి సినిమాలో ఒక పంచాయితీ సీను పెడితే చాలు, ఊరూరా తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల్లో భర్త పోయిన స్త్రీలు ఈ దేశంలో నాలుగు కోట్లకు పైనే. చూసేవాళ్లు లేరని ఏ నిర్మాతా అనడానికి లేదు.

మీ పత్రికకి, మిగతా పత్రికలకి కూడా ఒక విన్నపం. ‘వితంతువుకి జీవితం ఇచ్చిన యువకుడు’ అని హెడ్డింగ్ పెట్టడం దయచేసి మానండి. ‘ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు’ అని రాస్తే చాలు. ఫొటో వేసేముందు ఆమెని కూడా ఒక మాట అడగండి.

దర్శకులకి కథలు చెప్పేంతటి దాన్ని కాను. మా ఇంట్లో చూసింది మాత్రం చెబుతాను.

మా అబ్బాయి బండి ఇంకా మెట్ల కిందే ఉంది. దాన్ని ఎవరూ తోలరు. ప్రతి ఆదివారం పొద్దున్నే మా కోడలు కవరు తీసి, గుడ్డతో తుడిచి, నాలుగైదు కిక్కులు కొట్టి స్టార్ట్ చేస్తుంది. రెండు నిమిషాలు ఇంజిన్ ఆడనిచ్చి ఆపేస్తుంది. మొదట్లో నేను ఆ చప్పుడు భరించలేక పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని. అమ్మేద్దామని చుట్టాలు చాలాసార్లు అన్నారు. “బ్యాటరీ పోతుందత్తయ్యా, అందుకే” అని నాతో అనేది, అంతకుమించి ఏమీ చెప్పేది కాదు.

వాళ్ల ఆఫీసులో ఒకాయన ఉన్నారు. ఆయనకీ భార్య పోయింది, ఒక ఆడపిల్ల. ఏడాదిగా ఇద్దరూ మాట్లాడుకుంటున్నారని మా కోడలే నాకు చెప్పింది, చెబుతూ ఏడ్చింది కూడా. “మీ అబ్బాయిని మరిచిపోయాననుకోకండి” అంది. మావారూ నేనూ ఆ రాత్రి నిద్రపోలేదు. సంతోషమో దుఃఖమో మాకే తెలియలేదు. వాళ్లు ఇంకా ఏదీ తేల్చుకోలేదు, మేము తొందరపెట్టడం లేదు.

పోయిన ఆదివారం ఆయన పాపని తీసుకుని మా ఇంటికొచ్చారు. అప్పుడే మా కోడలు బండి కవరు తీసింది. అది ఎవరి బండని ఆయన అడగలేదు, తెలిసే ఉంటుంది. కాసేపు చూసి, “ముందు చక్రంలో గాలి తగ్గిందండీ” అన్నారు. మనవడి సైకిలు పంపు అడిగి తీసుకుని, చొక్కా చేతులు మడిచి, చెమటలు కారేదాకా గాలి కొట్టారు. మా కోడలు మెట్ల మీద కూర్చుని ఆయన్నే చూస్తోంది. గాలి నిండాక ఆయన లేచి పక్కకి జరిగారు. తను వెళ్లి కిక్కు కొట్టింది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
రాజమహేంద్రవరం