సంచి మీద మూడు వివరాలు రాసి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండ, వరంగల్ ఇళ్లలో సముద్రపు చేపలను పెంచుకునేవారు ఈ మధ్య కనిపిస్తున్నారు. కాకతీయుల నాటి చెరువుల మధ్య పెరిగిన మనకు కొర్రమీను, రవ్వ సంగతి ఒకరు చెప్పనక్కర లేదు గాని, ఆ అనుభవం క్లౌన్ చేప లాంటి సముద్రపు చేప దగ్గర అక్కరకు రాదని మూడు చేపలను పోగొట్టుకున్నాక గాని నాకు తెలిసిరాలేదు.

కొత్త చేపలను నాలుగు నుంచి ఆరు వారాలు వేరే తొట్టిలో, అంటే క్వారంటైన్‌లో ఉంచమని దుకాణంలో చెప్పారు. సలహా సరైనదే. ఒంటి మీద తెల్లచుక్కలు తెచ్చే క్రిప్టోకారియాన్ పరాన్నజీవి ఒక్క చేపతో వచ్చినా తొట్టి అంతా పాకుతుంది. అయితే ఆ తొట్టిలోని నీటి గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. 40 లీటర్ల ఆర్వో నీటిలో సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపి, మర్నాడే చేపలను వదిలాను. మూడో రోజుకు అవి నీటి పైకి వచ్చి ఎగశ్వాస తీస్తుంటే, రోగమనుకుని, దుకాణదారు చెప్పినట్టే పరాన్నజీవులను చంపడానికి వేసే రాగి మందు మోతాదు పెంచాను. కిట్ తెచ్చి పరీక్షించేసరికి అమ్మోనియా బయటపడింది, అప్పటికి ఆలస్యమైంది.

చేప విసర్జించే అమ్మోనియాను హరించే బాక్టీరియా కొత్త తొట్టిలో ఉండదు. అది స్థిరపడటానికి నెల పైనే పడుతుంది. కాబట్టి చేప రావడానికి నెల ముందే ఒక స్పాంజి ఫిల్టర్‌ను, ఆ బాక్టీరియా దానికి పట్టేలా, ఆరోగ్యంగా ఉన్న పెద్ద తొట్టిలో నడిపించి, ఆ తర్వాత క్వారంటైన్ తొట్టికి మార్చాలి. రాగి మందు వాడితే అడుగున ఇసుక, పగడపు రాళ్లు వేయకూడదు, అవి రాగిని పీల్చేసుకుంటాయి. పావు వంతు నీరు మారిస్తే పావు వంతు మందూ పోతుంది గనుక కొత్త నీటిలో అంతే గాఢతలో కలిపి పోయాలి. అమ్మోనియాను కట్టడి చేసే ద్రావణాలు కొన్ని రాగితో కలిస్తే దాని విషం మరింత పెరుగుతుందన్న సంగతి, అవి రెండూ ఒకే అరలో అమ్మేవారైనా చెప్పాలి కదా!

మన ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. 40 లీటర్లలో 2 లీటర్లు ఆవిరైతే లీటరుకు 35 గ్రాములున్న లవణీయత, అంటే నీటిలోని ఉప్పు పాలు, 37కు చేరువవుతుంది. ఉప్పు ఆవిరి కాదు గనుక ఆ లోటును ఉప్పునీటితో కాక ఉత్త ఆర్వో నీటితోనే భర్తీ చేయాలి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, కరెంటు పోయి గాలి పంపు ఆగితే ఆ కాస్తా తరిగిపోతుంది.

ఇక అసలు విన్నపం. చేపను నీటితో కట్టి దూరం నుంచి తెచ్చే సంచిలో అది వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పడిపోయి, పోగైన అమ్మోనియాలో ఎక్కువ భాగం అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే విషరూపంలోని అమ్మోనియా దాదాపు పది రెట్లవుతుంది. అలాంటి నీటిలో చేపను గంటల తరబడి ఉంచి, అలవాటు చేయాలని కొత్త నీటిని చుక్కచుక్కగా కలపడం మేలు కాదు. చేప ఏ లవణీయతలో ఉందో ముందే తెలిస్తే, ఇంటి తొట్టిని అదే లవణీయతకు సిద్ధం చేసి, ఉష్ణోగ్రత కలవగానే వెంటనే మార్చవచ్చు. పరాన్నజీవులను అణచడానికి కొందరు వ్యాపారులు లవణీయతను తగ్గించి, రాగి వేసి ఉంచుతారు గనుక ఆ వివరం ఊహించుకోగలిగేది కాదు.

అందుచేత చేపలు అమ్మేవారు సంచి మీద ఆ నాటి లవణీయత, చేప దుకాణానికి వచ్చిన తేదీ, రాగి వాడారా లేదా అన్నవి రాసి ఇవ్వాలని కోరుతున్నాను. దీనికయ్యే ఖర్చు ఒక మార్కర్ పెన్ను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ