మీ ఐడీ స్కానర్ నిద్ర నుంచి లేవడంలో జాప్యం గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

అయ్యా,

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మేము నడుపుతున్న లాడ్జి కౌంటరులో, యాత్రికుల ఆధార్ కార్డులు స్కాన్ చేయడానికి మీ యూఎస్‌బీ స్కానర్‌ను లినక్స్ కంప్యూటరుకు తగిలించి వాడుతున్నాము. తెల్లవారుజామున బస్సులు దిగినవారు వరుసలో ఉన్నంతసేపూ అది చక్కగా పనిచేస్తుంది. కాస్త తెరిపి ఇచ్చాక తరువాతి కార్డు అద్దం మీద పెడితే మాత్రం, పచ్చలైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయి, తెర మీద ‘పరికరం దొరకలేదు’ అని వస్తుంది. చంటిబిడ్డను చంకనేసుకుని గది కోసం నిలబడిన మనిషికి మేమేమని సర్దిచెప్పాలి?

మీ సిబ్బంది మొదట కేబుల్ మార్చమన్నారు, మార్చినా ఫలితం లేకపోయేసరికి తప్పంతా ఆపరేటింగ్ సిస్టమ్‌దేనన్నారు. ఈ జవాబును మేము అంగీకరించలేము. లినక్స్ కర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) సాధారణంగా హబ్‌లకు (ఒక పోర్టును పలు పోర్టులుగా పంచే పరికరాలకు) తప్ప ఇతర యూఎస్‌బీ పరికరాలకు తనంతట తాను ఆటోసస్పెండ్ (పని లేనప్పుడు నిద్రపుచ్చే ఏర్పాటు) పెట్టదు. మీ డ్రైవరుతో (స్కానర్‌ను నడిపే ప్రోగ్రాముతో) వచ్చిన యూడెవ్ నియమమే, అంటే పరికరం తగిలించగానే అమలయ్యే అమరికే, పవర్ కంట్రోల్‌ను (నిద్రపుచ్చాలా వద్దా అనే సెట్టింగును) ‘ఆటో’కు మారుస్తోంది. దాంతో 2 సెకన్లు పని లేకపోతే చాలు, స్కానర్ నిద్రలోకి జారుకుంటుంది. దాన్ని లేపే సంకేతం కనీసం 20 మిల్లీసెకన్లు ఉండాలనీ, ఆపై తేరుకోవడానికి 10 మిల్లీసెకన్లు ఇవ్వాలనీ యూఎస్‌బీ 2.0 ప్రమాణం చెబుతుండగా, కర్నెల్ ఆ సంకేతాన్నే 40 మిల్లీసెకన్లు ఇస్తోంది. మీ స్కానర్‌కు అదీ చాలడం లేదు. డ్రైవరు తొందరపడి పంపిన ఆదేశానికి జవాబు రాక, గడువు మీరిందని తెలిపే మైనస్ 110 కర్నెల్ లాగ్‌లో నమోదవుతోంది. ఆ వెంటనే పరికరం ఊడిపోయి మళ్లీ చేరినట్టు కనిపిస్తోంది. పవర్ కంట్రోల్‌ను ‘ఆన్’లో ఉంచితే ఈ బాధ లేదు గానీ, మీ డ్రైవరు అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ మార్పు చెరిగిపోతోంది.

కాబట్టి స్కానర్ ప్రమాణం చెప్పిన వ్యవధిలో లేచేలా ఫర్మ్‌వేర్‌ను (స్కానర్ లోపలి ప్రోగ్రామును) సరిచేయాలనీ, అంతవరకు ఆ యూడెవ్ నియమాన్ని తొలగించడమో, లేచిన తరువాత తగినంత ఆగి ఆదేశం పంపేలా డ్రైవరును మార్చడమో చేయాలనీ కోరుతున్నాము. కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమైతే కౌంటరు దగ్గర ఎవరికీ తెలియను కూడా తెలియదు; డ్రైవరు రాసినవారు ఆపాటి ఓపిక పట్టి ఉంటే ఈ లేఖతో పని ఉండేది కాదు. సవరణ ఎప్పటికి వస్తుందో రాతపూర్వకంగా తెలపండి. అది కుదరని పక్షంలో, వారంటీ గడువు ఉండగానే స్కానర్‌ను వెనక్కి తీసుకుని మా సొమ్ము తిరిగి చెల్లించగలరు. కొనుగోలు రసీదు నకలు, కర్నెల్ లాగ్ ప్రతి జతచేశాము.

ఇట్లు,
లాడ్జి నిర్వాహకుడు,
తిరుపతి