ఆవకాయ ఆలస్యానికి, ఎత్తని ఫోన్లకు వివరణ

మల్కాజిగిరిలోని మా ఇంటి నుంచి ఏటా ఎండాకాలంలో పచ్చళ్లు తెప్పించుకునే మీ అందరికీ నమస్కారం. ఈ సోమవారానికి అందవలసిన ఆవకాయ మీలో దాదాపు 60 మందికి అందలేదు, మాగాయకు డబ్బు కట్టినవారికైతే ఈ ఏడు అది ఇక అందదు. పైగా గురువారం సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున వరకు మీరు చేసిన ఫోన్లలో ఒక్కటి కూడా నేను ఎత్తలేదు. అన్నింటికీ ఆ రోజు గాలివానే కారణమని చెప్పి ఊరుకోవచ్చు గానీ, నా పొరపాట్లు కూడా రెండున్నాయి.

మాగాయ ముక్కలను ఉప్పు, పసుపు వేసి మూడు రోజులు ఊరనిచ్చి, తర్వాత ఊట పిండేసి, ముక్కలను చాపల మీద, ఊటను వెడల్పాటి పళ్లేలలో ఎండబెడతామని మీలో చాలామందికి తెలుసు. గురువారం మా డాబా మీద 45 కిలోల కాయల ముక్కలు ఎండుతున్నాయి. ఉరుములు, ఈదురుగాలులు ఉండవచ్చని వాతావరణ శాఖ పొద్దుననే హెచ్చరించింది, నేను చూశాను కూడా. అయితే మూడు గంటలకు ఎండ మాడు పగలగొడుతుంటే ముక్కలను లోపల పెట్టడానికి మనసొప్పక, మరో గంట ఉంచుదామనుకున్నాను. నిజానికి వేసవి గాలివానకు ఆ ఎండే మూలం. నేల కాగి, తేమగాలి పైకి లేచి, సాయంత్రానికి క్యుములోనింబస్ మేఘాలై కూర్చుంటుంది. నాలుగున్నరకు దుమ్ము లేచింది, పది నిమిషాల్లో ఉసిరికాయలంత వడగళ్లు మొదలయ్యాయి. ఒక చాపకు చెరో కొస మా అత్తగారూ నేనూ పట్టుకునేలోపే, ఇంకో చాప లేచి వెళ్లి పక్కింటివారి నీళ్ల ట్యాంకుకు చుట్టుకుంది. పసుపు పచ్చని ఊటలో వడగళ్లు తేలుతుంటే చూస్తూ నిలబడిపోయాను. తడిసిన ముక్కలను మళ్లీ ఎండబెట్టి కలిపేస్తే కారంలో ఎవరికీ తెలియదని ఒకరు సలహా ఇచ్చారు. మూత పెట్టిన రోజున తెలియకపోవచ్చు, ఆషాఢంలో మూత తీసిన రోజున బూజే చెబుతుంది. మొత్తం పారబోశాము.

అదే సమయంలో మావారు, మా అమ్మాయి నూజివీడు నుంచి ఆవకాయకు 600 కిలోల కాయలు వేసుకుని బొలేరోలో విజయవాడ రహదారి మీద వస్తున్నారు. సూర్యాపేట దాటామని నాలుగింటికి చెప్పారు, ఆ తర్వాత ఇద్దరి ఫోన్లూ కలవలేదు. ఇక్కడ మా వీధిలో వేపచెట్టు విరిగి తీగల మీద పడటంతో కరెంటు పోయింది, నా ఫోనులో ఛార్జింగ్ 18 శాతం మిగిలింది. మీతో మాట్లాడుతున్నప్పుడు వాళ్ల ఫోను వస్తే తప్పిపోతుందన్న భయంతోనే మీ పేర్లు కనిపిస్తున్నా ఎత్తలేదు. కనీసం ఒక్క వరుస సందేశం పెట్టవలసింది, అదీ చేయలేదు. 2024 మే 7న ఇలాంటి వానకే బాచుపల్లిలో గోడ కూలి ఏడుగురు చనిపోయారు. రాత్రంతా నా బుర్రలో ఆ గోడే తిరిగింది. వానొస్తే చెట్ల కింద, హోర్డింగుల కింద, పాత గోడల పక్కన బండి ఆపవద్దని బయలుదేరేటప్పుడు చెప్పానో లేదో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతున్న నన్ను చూసి అత్తగారు, "నువ్విక్కడ తిరిగితే వాళ్ల బండి ముందుకు కదలదు, కూర్చుని ఆవాలు ఏరమ్మా" అని చాట చేతికిచ్చారు. కొవ్వొత్తి వెలుగులో రెండు కిలోలు ఏరాను. తెల్లారి చూస్తే రాళ్లన్నీ ఆవాలలోనే ఉన్నాయి.

రాత్రి ఒంటిగంటన్నర దాటాక వచ్చారు. నార్కట్‌పల్లి దాటిన తర్వాత గాలికి బండి ఊగుతుంటే ఒక పక్కా హోటల్ గదిలోకి వెళ్లి కూర్చున్నారట, వాన వెలిశాక కూడా రోడ్డుకు అడ్డంగా పడిన చెట్టును తొలగించేదాకా కదలలేకపోయారట. అమ్మాయి గుమ్మంలోనే, "అమ్మా, టార్పాలిన్ చిరిగింది, కాయలన్నీ తడిశాయి" అని ఏడుపు మొహం పెట్టింది. నాకప్పుడు కాయల ధ్యాసే లేదు.

ఆవకాయ కాయ తడిసినా నష్టం లేదు, పొడిబట్టతో తుడిచి నీడన ఆరబెడితే చాలు. దెబ్బ తిన్న కాయతోనే చిక్కు. ఒకటొకటిగా చూసి 130 కిలోలు తీసేశాము. ఈలోగా గాలికి రాలిన కాయలు సగం ధరకే ఇస్తామని ఒక వ్యాపారి ఫోను చేశారు, వద్దన్నాను. రాలిన కాయ పైకి పచ్చిగా, గట్టిగానే కనిపిస్తుంది, దెబ్బ తగిలిన చోట లోపల కమిలి ఉంటుంది, అలాంటి ముక్క జాడీలో త్వరగా మెత్తబడుతుంది. ఈ వారం మీరు బయట కాయలు కొంటే ఒకటి కోయించి చూసి తీసుకోవడం మంచిది.

గిర్నీకి రెండు రోజులు కరెంటు లేక మిరపకాయలు, ఆవాలు పట్టించడం ఆగింది. రేపు కాయ కొట్టిస్తాము, మూడో రోజు తిరగ కలిపి, వచ్చే సోమవారం నుంచి పంపుతాము. పక్కన పెట్టిన కాయల మేరకు తగ్గుతుంది కనుక చివరగా చెప్పినవారికి అడిగిన దానిలో కొంతే వస్తుంది, వారికి నేనే ఫోను చేస్తాను. జూన్ మొదటి వారంలో విమానమెక్కే పిల్లలున్నవారు చెబితే వారివి ముందు కడతాము. మాగాయ డబ్బు శనివారంలోగా వెనక్కి వేస్తాను, బదులుగా మరో పచ్చడి తీసుకోమని అడగను.

ఇకపై నేను ఎత్తకపోతే డబ్బా మీద ఉన్న రెండో నంబరుకు చేయండి, అది అత్తగారి దగ్గర ఉంటుంది. ఆమెకు కాస్త చెవుడు, గట్టిగా మాట్లాడవలసి వస్తుంది.